చప్పుడు చేయని గిన్నె

నేను రంగూన్ వెళ్లింది తీర్థయాత్రకు కాదు, చుట్టపుచూపుగానూ కాదు. ఒక చేప కోసం వెళ్లాను. గోదావరి జిల్లాల వాళ్లకు ఆ చేప గురించి చెప్పక్కర్లేదు. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది తీపి నీళ్లలోకి వచ్చిందంటే పులస. ఒంట్లో ఉప్పు దిగిపోతుంది, రుచి మారుతుంది, చివరికి పేరే మారిపోతుంది. మత్స్యశాఖలో నా ఉద్యోగమంతా ఈ చేప చుట్టూనే తిరిగింది. పడవలో కూర్చుని ఆడచేప పొట్ట నొక్కి గుడ్డు పట్టడం, మగచేప పాలు, అంటే వీర్యం, కలపడం, పుట్టిన పిల్లల్ని మళ్లీ ఏట్లో వదలడం. వదిలినవాటిలో ఎన్ని బతికాయో, ఎన్ని తిరిగొచ్చాయో నాకు తెలియదు. రిటైరయ్యాక మా ఆవిడ అప్పుడప్పుడూ "మీ పిల్లల దగ్గర్నుంచి ఉత్తరం ఏమైనా వచ్చిందా?" అని ఎగతాళి చేసేది. నవ్వేవాణ్ణి గానీ, లోపల గుచ్చుకునేది.

రంగూన్‌లో పజుండౌంగ్ కాలువ పక్కన మనవాళ్ల గుడి ఒకటుంది. తాతల కాలంలో శ్రీకాకుళం, భీమిలి వైపు నుంచి ఓడరేవు కూలికి వెళ్లినవాళ్లు కట్టుకున్నది. ఆ గుడి పెద్ద అప్పన్న గారు ఎవరి ద్వారానో నా నంబరు సంపాదించి ఫోన్‌లో మాట రికార్డు చేసి పంపారు. నదికి అవతల దలాలో ఒక బౌద్ధ విహారం ఉందట. ఆ భిక్షువులూ ఈ గుడివాళ్లూ కలిసి విహారం ముందున్న నీళ్లలో వలలు ఆపించి పులసను మళ్లీ రప్పించాలని చూస్తున్నారట. ఆ మాటల్లో చివరిది నాకు బాగా నచ్చింది. "మాకు దండం పెట్టడం వొచ్చు సారూ. గుడ్డు పట్టడం రాదు. ఒకపాలి వొచ్చి సూపించండి."

అక్కడ సైన్యం గద్దెనెక్కి గొడవలు మొదలై అప్పటికి రెండేళ్లవుతోంది. టీవీలో చూసినవన్నీ మా ఆవిడ గుర్తుచేసింది. అయినా వీసా రాగానే మాఘ పౌర్ణమి పోటు చూసుకుని బయల్దేరాను. ఒక మాట ముందే చెప్పాలి. ఇందులో మనుషుల పేర్లన్నీ మార్చాను. ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

రాజమండ్రిలో సాయంత్రం ఐదున్నరకు రైలెక్కాను. ఎదుటి బెర్తు ఆయన బరంపురం జీడిపప్పు వ్యాపారి. రంగూన్ అనగానే చేతిలో పూరీ ఆపి, "మా తాత కూడా అక్కడికే వెళ్లాడండి. వెళ్లినవాళ్లు తిరిగొచ్చే ఊరు కాదది" అన్నాడు. రిటర్న్ టికెట్టు ఉందని చూపించాను. ఆయన టికెట్టుని అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం హౌరాలో దిగి, ఆ రాత్రి కలకత్తా విమానాశ్రయం దగ్గర ఒక లాడ్జిలో పడుకున్నాను. తర్వాతి రోజు విమానం సగానికి పైగా ఖాళీ. గయ నుంచి తిరిగి వెళ్తున్న భిక్షువులు, వాళ్ల వెంట వచ్చిన భక్తులు కొందరే ఉన్నారు. రంగూన్‌లో దిగి గడియారం గంట ముందుకు తిప్పుకునేసరికి నాలుగుంబావు. టాక్సీ డ్రైవరు నాలుగు అద్దాలూ పూర్తిగా దించి బండి నడిపాడు. దుమ్మొస్తోందని నేను ఒకటి ఎత్తబోతే వద్దని చేత్తో సైగ చేశాడు. లోపల ఎవరున్నారో బయటివాళ్లకు కనబడుతూ ఉండాలట.

ఇప్పుడు వెళ్లేవాళ్లు ఎవరైనా బస ఊరి నడిబొడ్డున చౌక్తడాలో చూసుకోవడం మంచిది. ఇళ్లలో పరాయివాళ్లను ఉంచుకుంటే వార్డు ఆఫీసుకు వెళ్లి చెప్పుకోవాలి, అది వాళ్లకు తలనొప్పి. నేను దిగినది పాత దొరలకాలం కట్టడంలో రెండో అంతస్తు. నేనొక్కణ్ణే అతిథిని. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, టార్చిలైటు తప్పనిసరి.

ఆ ఊళ్లో మేడల మీద నుంచి వీధిలోకి తాళ్లు వేలాడుతుంటాయి. తాడు కింది కొసకు ఒక క్లిప్పు, పైకొసకు చిన్న గంట. పేపరు వేసేవాడూ కూరలమ్మీ కింద నిలబడి తాడు లాగితే పైన గంట మోగుతుంది, ఇంటివాళ్లు బాల్కనీలోకి వస్తారు. నేను వెళ్లిన సాయంత్రం మా వీధిలో చాలా తాళ్లు పైకి చుట్టేసి ఉన్నాయి. ఆరున్నరకల్లా దుకాణాలు మూసేశారు. కిటికీలోంచి చూస్తే వీధి పొడుగునా కుక్కలు తప్ప ఏమీ లేదు, అవి కూడా మొరగడం లేదు. అంత పెద్ద ఊరు ఊపిరి బిగబట్టుకుని ఉండడం అంతకుముందెప్పుడూ చూడలేదు.

ఉదయం ఆరున్నరకు వీధి చివర బండి దగ్గర మొహింగా తిన్నాను. చేపల పులుసులో సన్నటి సేమియా లాంటిది, మనవాళ్లకు నచ్చుతుంది, నిమ్మకాయ పిండుకోవాలి. ఎనిమిదికి బస్సెక్కి పజుండౌంగ్ చేరాను. అప్పన్న గారు గుడి మెట్ల మీదే ఉన్నారు. లుంగీ, నుదుట కుంకుమ, చేతిలో కొబ్బరిచిప్ప. అక్కడ పెద్దవాళ్లను బర్మా పద్ధతిలో మగవాళ్లనైతే ఊ అనీ, ఆడవాళ్లనైతే దో అనీ పిలుస్తారు. అందుకని ఆయన ఊ అప్పన్న, ఆయన భార్య దో పైడమ్మ. వీధిలో ఆడవాళ్లందరికీ పైడమ్మ గారి మాట అంటే మాటే. నాకు కాఫీ ఇస్తూనే, షుగరుందా అని అడిగి, ఉందనేసరికి గ్లాసు వెనక్కి తీసుకుని వేరే కాఫీ తెచ్చారు.

గుళ్లో చాప పరుచుకుని కూర్చున్నాం. నాకు కావలసినవి చెప్పాను. గుడ్లు పొదగడానికి సన్నటి గుడ్డతో కుట్టిన సంచి, కలపడానికి మెత్తటి బాతు ఈక, అన్నిటికన్నా ముఖ్యంగా ఒక వెడల్పాటి గిన్నె. ఎనామిల్ పూత ఉన్నదైతే మంచిది, అడుగు నున్నగా ఉండాలి. అడుగున సొట్ట ఉంటే గుడ్లన్నీ అందులోకి జారి ముద్దకట్టి కుళ్లిపోతాయి. పూత లేచిన చోట తుప్పు కారితే ఇంకా ప్రమాదం. ఈ గిన్నె విషయంలో నాకు మహా చాదస్తం, ఉద్యోగంలో ఉండగా కింది వాళ్లు చాటుగా నన్ను గిన్నెల సూర్నారాయణ అనేవారు.

పైడమ్మ గారు కబురు పెట్టగానే వీధిలో ఆడవాళ్లు తలా ఒక గిన్నె తెచ్చారు. నేను ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసరులా ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూశాను. మొదటిది అడుగంతా సొట్టలు. రెండోదీ అంతే. మూడోది పూత పెచ్చులుగా లేచిపోయింది. స్టీలు గిన్నెలు, సత్తు గిన్నెలు, పళ్లాలు, మూతలు, చివరికి గుడి ప్రసాదం గుండిగ కూడా. ప్లాస్టిక్ టబ్బులు తెస్తే అన్నీ సబ్బు వాసన. నేను నవ్వి, "ఇదేం వీధమ్మా, గిన్నెలన్నిటికీ ఒకే జబ్బు. దెబ్బ తగలని గిన్నె ఒక్కటీ లేదా ఇక్కడ?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్లు ఎవరి గిన్నె వాళ్లు తీసుకుని ఒడిలో పెట్టుకున్నారు.

అప్పన్న గారు నన్ను వసారాలోకి తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్పారు. ఇంట్లో దయ్యం జొరబడితే గిన్నెలు వాయించి తరమడం బర్మా వాళ్ల పాత ఆచారం. గొడవలు మొదలైన ఆ ఏడు, రాత్రి ఎనిమిది కొట్టగానే ఊరు ఊరంతా గిన్నెలు వాయించింది. రోజూ, వారాల తరబడి. తుపాకులున్నవాళ్ల ఎదురుగా చేతిలో గరిటె తప్ప ఏమీ లేనివాళ్లు అలా తమ మాట చెప్పారు. ఆ సొట్టలు అప్పటివి. ఎవరూ గిన్నె మార్చలేదు, వాటిలోనే వండుకుంటున్నారు.

నాకు తల తీసేసినట్టయింది. క్షమించమని అడగాలని లోపలికి వచ్చేసరికి పైడమ్మ గారే అన్నారు. "దెబ్బ తగలని గిన్ని ఒక్కింట్లో ఉంటాది. ఆ ఇంటోలు ఒక్కనాడూ కొట్టనేదు. ఆ గిన్ని మాకొద్దు."

ఆ ఇల్లు వీధి చివరిది, మూడో అంతస్తు. అక్కడ ఉండేది ఎర్రమ్మ అనే ఒంటరి మనిషి, కొడుకు ఎటో పనికెళ్లాడని వీధి అనుకుంటోంది. ఒకప్పుడు గుళ్లో ప్రసాదం ఆవిడే వండేదట. వీధంతా గిన్నెలు మోగించినప్పుడు ఆ ఒక్క ఇంట్లో చప్పుడు లేదు. అడిగితే చెప్పలేదు. తుపాకులవాళ్ల మనిషి అన్నారు, చాడీలు మోసేది అన్నారు. ఆనాటి నుంచి వీధిలో ఎవరూ ఆవిడతో మాట్లాడలేదు, ప్రసాదం పని తీసేశారు, కూరలమ్మి కూడా ఆ తాడు లాగదు. రెండేళ్లు.

కొత్త గిన్నె కొందామంటే అప్పటికే మధ్యాహ్నం దాటింది, బజారు కట్టేస్తున్నారు. మర్నాడు అసలు తెరవరట. గొడవలు మొదలైన రోజు మళ్లీ వచ్చింది కాబట్టి పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా నిరసనగా ఊళ్లో ఎవరూ గడప దాటకూడదని జనం తమలో తామే చెప్పుకున్నారు. నాకేమో మర్నాటి పోటు తప్పితే పదిహేను రోజుల దాకా మళ్లీ చేప ఎక్కదు. వీసా అన్నాళ్లు లేదు. ఒప్పించమని అప్పన్న గారిని అడిగితే ఆయన చెప్పుల వైపు చూశారు. చివరికి ఎర్రమ్మ ఇంటి మెట్ల దాకా వచ్చి, అక్కడే ఆగిపోయారు.

కింద తాడు లాగాను. గంట మోగలేదు. తల పైకెత్తి చూస్తే గంటలో గుడ్డ కుక్కి ఉంది. తాడు కొసకు కట్టిన ఎర్ర పేలిక మాత్రం ఊగింది. కాసేపటికి ఒక ముసలామె బాల్కనీలోకి వచ్చి, నన్ను చూసి, పైకి రమ్మని చెయ్యి ఊపింది.

ఆ ఇంట్లో అడుగు పెట్టగానే చెవులు మూసుకుపోయాయేమో అనిపించింది. తలుపు బందులకు నూనె రాసి ఉంది, కిర్రుమనలేదు. కుళాయి కారుతోంది, కానీ కుళాయి మూతికి గుడ్డ పీలిక కట్టి కుండలోకి వదిలారు. నీటిబొట్టు ఆ పీలిక వెంట జారిపోతోంది తప్ప పడడం లేదు. గోడ గడియారం ఆగిపోయి ఉంది. అలమరలో గిన్నెలన్నీ పాత లుంగీ గుడ్డల్లో చుట్టి వరసగా పెట్టి ఉన్నాయి. మంచినీళ్లిచ్చి, గ్లాసు నేను కింద పెట్టబోతే చటుక్కున చెయ్యి అడ్డం పెట్టి, మడత పెట్టిన గుడ్డ వేసింది. లేచి వచ్చేద్దామనుకున్నాను, నిజం చెప్పాలంటే.

గిన్నె మాట ఎత్తాను. గోదావరి మనిషినని, పులస గుడ్డు పట్టడానికని చెప్పాను. పులస అన్న మాట వినగానే ఆవిడ మొహం మారింది.

"ఏటి బాబూ, మీ దేసంలో ఆడోలు నోము పట్టరేటి?" అంది.

ఏ నోమని అడిగాను. ఎర్రమ్మ చాలా మెల్లగా, మధ్యమధ్య వీధి వైపు చూస్తూ చెప్పింది. వాళ్లది వేటవాళ్ల ఇల్లు. పులస వేటకు మగవాడు పడవెక్కాడంటే, ఆ పడవ తిరిగి ఒడ్డు తాకేదాకా ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. వాళ్ల అమ్మమ్మ భీమిలి నుంచి తెచ్చుకున్న పద్ధతి అది. "మోగీది కాళీ గిన్ని బాబూ. గిన్ని మోగితే ఇంట్లో కూడు అయిపోనాదని గంగమ్మ అనుకుంటాది. ఆడికింక కూడు లేదని, ఆడిని అక్కడే ఉంచీసుకుంటాది."

ఆమె కొడుకు సింహాచలం. సొంత పడవ ఉండేది, దలా వైపు వేట. గొడవలు మొదలైన వారంలోనే ఒక తెల్లారగట్ల పడవెక్కాడు. వల తీసుకెళ్లాడు. పడవలో ఇంకో ముగ్గురున్నారు, వాళ్ల చేతుల్లో వలలు లేవు. ఆ పడవ ఇప్పటికీ రాలేదు.

అంటే ఊరంతా గిన్నెలు మోగించిన ఆ రాత్రుల్లో ఈమె కొడుకు నీళ్ల మీద ఉన్నాడు. ఈ సంగతి వీధికి ఎందుకు చెప్పలేదని అడిగాను. గొంతు కాస్త పెరిగిందేమో, పెదవి మీద వేలు పెట్టింది.

"సెప్పితే మావోడు ఎటెల్నాడని అడుగుతారు. పడవలో ఎవులున్నారని అడుగుతారు. ఈదిలో సెవులుంటాయి బాబూ. నన్నంటే అన్నారు, ఆ ముగ్గురి తల్లులు బాగుండాల."

అలమర పై అరలోంచి ఒక గుడ్డ మూట దించి విప్పింది. తెల్ల ఎనామిల్ గిన్నె, నీలం అంచు. అడుగు అద్దంలా ఉంది. అందులో పిడికెడు అన్నం ఉంది. రోజూ పొద్దున కొత్తన్నం పెట్టి, సాయంత్రం కాకులకు వేస్తుందట. ఆ గిన్నె అడగడానికి వచ్చినవాణ్ణి, అందులో అన్నం తీసెయ్యమని ఎలా చెప్పను? వద్దమ్మా, ఇంకోటి చూసుకుంటానన్నాను. ఆవిడ గిన్నెను ఒడిలోకి తీసుకుంది. తర్వాత అన్నాన్ని ఆకులోకి మార్చి, మడిచి, ఆ పొట్లాన్ని అలమరలో గిన్నె ఉండే చోట పెట్టింది. "సేపకోసమే కదా ఎల్నాడు. ఈ గిన్ని సేపకే ఎల్తాది. కానీ నాను కూడా వొత్తాను. ఇంకోలి సేతికివ్వను" అంది.

మర్నాడు పొద్దున ఏడుంబావుకు పన్సోడాన్ రేవులో దలా పడవెక్కాం. విదేశీయులకు టికెట్టు వేరే, పాస్‌పోర్టు దగ్గరుంచుకోవాలి. మామూలు రోజుల్లో ఆ పడవలో గుగ్గిళ్లు, కిళ్లీలు, పిట్టగుడ్లు అమ్మేవాళ్లతో కాలు పెట్టే సందుండదట. ఆ రోజు ఇరవై మంది కూడా లేరు. తిండి విసిరేవాళ్లు లేకపోయినా సీగల్ పిట్టలు అలవాటుగా పడవ వెంట వచ్చాయి, కొంతదూరం వచ్చి వెనక్కి తిరిగిపోయాయి. ఎర్రమ్మ గిన్నెను చీర చెంగులో చుట్టి ఒడిలో పట్టుకుంది. పైడమ్మ గారు పడవ రెండో కొసన కూర్చున్నారు. ఆవిడ వస్తారనుకోలేదు. ఎందుకొచ్చారని అప్పన్న గారిని అడిగితే, "ఆ గిన్నితో ఏటి సేత్తాదో సూడాలంట" అన్నారు.

దలాలో మూడు చక్రాల సైకిలు బండ్ల మీద ఇరవై నిమిషాలు వెళ్తే విహారం. అక్కడి పెద్ద భిక్షువును సయాడో అంటారు. ఈయన ఎనభై దాటిన మనిషి, పళ్లు లేవు, నవ్వు ఎక్కువ. అప్పన్న గారు బర్మా మాటలు తెలుగు చేసి చెప్పారు. చేపల్ని కొని ఏట్లో వదలడం వాళ్లకు పుణ్యం, దాన్ని అభయం ఇవ్వడం అంటారు. ఏళ్ల తరబడి భక్తులు బజారులో క్యాట్‌ఫిష్‌లు కొని ఈ రేవులోనే వదిలారు. అవి పులస పిల్లల్ని తినేశాయి. "మా పుణ్యమంతా వాటి కడుపులో ఉంది" అని సయాడో పొట్ట నిమురుకున్నాడు. ఇప్పుడు ఆ వదలడం మాన్పించాడు. ఈ పోటులో వలకు పడినదాన్ని అమ్ముకోబోమని అక్కడి జాలర్లు బుద్ధుడి ముందు ఒట్టేశారు, మన గుడివాళ్లు గంగమ్మ ముందు వేశారు.

పది గంటలైంది. ఎవరూ ఏ సైగా చేయలేదు, ఏ గంటా మోగలేదు. నది అవతల ఊరి రొద మెల్లగా సన్నబడి, ఆగిపోయింది. అంతదాకా ఆ రొద ఉన్నట్టే నాకు తెలియలేదు. బస్సులు, హారన్లు, రేవు ఇంజన్లు ఏమీ లేవు. ఎండలో మేడలన్నీ కనబడుతున్నాయి, గుడి గోపురం కనబడుతోంది, మనిషి అలికిడి లేదు. విహారంలో కుక్క ఒకటి లేచి, ఆ వైపు చూసి, తోక ముడుచుకుని మళ్లీ పడుకుంది.

పోటు ఎక్కగానే కో తూ అనే జాలరి చిన్న పడవ తీశాడు. పులస నీళ్లలోంచి తీసిన నిమిషాల్లో ప్రాణం వదిలేస్తుంది, అందుకని పని పడవలోనే జరగాలి. గిన్నె పట్టుకోవడానికి ఎర్రమ్మ ఎక్కింది. చేప తోక గుడ్డతో ఒడిసి పట్టడానికి ఇంకో మనిషి కావాలి. అప్పన్న గారికి చేతులు వణుకుతాయి. నేను మామూలు అలవాటు కొద్దీ పైడమ్మ గారి వైపు వేలు చూపించి, "మీరు ఎక్కండమ్మా" అనేశాను. ఆవిడ కదల్లేదు. సయాడో ఏమీ అనకుండా పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు, ఊగకుండా. ఆవిడ ఎక్కారు.

నేను వాగుడుకాయను. ఉద్యోగంలో ఒక్క గుడ్డు కూడా అరవకుండా పట్టింది లేదు. ఆ పూట మాత్రం నోరు తెరవబోయిన ప్రతిసారీ ఎర్రమ్మ కళ్లతోనే ఆపింది. వల లాగారు. మొదటి మూడూ మగవి. నాలుగోది నిండుగా ఉన్న ఆడచేప. పైడమ్మ గారు తోక పట్టారు, నేను పొట్ట మీద బొటనవేలు జరిపాను, గుడ్లు సన్నటి సగ్గుబియ్యంలా గిన్నెలోకి జారాయి. చప్పుడు లేదు. మగచేప పాలు పిండి ఈకతో కలిపాను, చప్పుడు లేదు. పట్టినవాటిని వెంటనే నీళ్లలోకి వదిలేశాం.

అప్పుడు పడవ అడుగున ఏదో తాకింది. మెత్తగా, వేలితో తట్టినట్టు. ఇంకోసారి. తర్వాత చెక్క పొడుగునా అటూ ఇటూ. కో తూ తెడ్డు పైకెత్తి కళ్లు పెద్దవి చేశాడు. నా కాళ్ల కింద పలక అంతా తాకిళ్లతో అదురుతోంది. చేపల గుంపు మా కింది నుంచి ఏటికి ఎదురు పోతోంది. అన్నేళ్ల ఉద్యోగంలో నేనెప్పుడూ వినలేదు దాన్ని. ఎప్పుడూ ఇంజనుండేది, ఎప్పుడూ నా గొంతుండేది. భయమేసింది, ఏడుపొచ్చింది.

"ఇయాల ఊరంతా నా నోము పడతంది" అంది ఎర్రమ్మ, పెదవులు మాత్రమే కదిలేలా.

పైడమ్మ గారు విన్నారు. గిన్నె వైపు చూశారు. బయట నీలం అంచు కింద ఒక అన్నం మెతుకు ఎండి అతుక్కుని ఉంది. రెండేళ్లలో మొదటిసారి ఎర్రమ్మతో మాట్లాడారు.

"ఈ కూడు ఎవులికి?"

"మావోడికి."

పైడమ్మ గారు కూడా వేటవాళ్ల ఇంటి పిల్లే, ఆ నోమేమిటో తెలుసు. తోక గుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం నీళ్లు కారుస్తున్నాయి, తుడుచుకోలేదు.

రెండు గంటలకల్లా గుడ్లు కడిగి గుడ్డ సంచిలో పోసి విహారం రేవులో కట్టాం. మధ్యాహ్నం విహారంలోనే అన్నం, సొరకాయ చారు, ఎండురొయ్యల కారం పెట్టారు. ఎర్రమ్మ పళ్లెం కింద గుడ్డ వేసుకుంది. పైడమ్మ గారు కూడా తన చెంగు మడిచి పళ్లెం కింద పెట్టుకున్నారు.

నాలుగు కొట్టింది. అవతలి ఒడ్డు నుంచి ముందు వాన చినుకుల్లా, తర్వాత హోరుగా చప్పట్లు. ఆ రోజు గడిచిందని జనం గడపల్లో నిలబడి చప్పట్లు కొడుతున్నారు. దూరంగా గిన్నెలు కూడా మోగాయి. మా రేవులో ఉన్నవాళ్లు కూడా అందుకున్నారు. పైడమ్మ గారు చేతులు ఎత్తారు, ఎర్రమ్మను చూశారు, ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి. ఎర్రమ్మ గిన్నెను ఆరబెట్టి గుడ్డలో చుడుతోంది. "నువ్వు కొట్టుకోయే పైడీ. నీ పడవ ఒడ్డునే ఉంది కదా" అంది, నిష్ఠూరం ఏమీ లేకుండా. పైడమ్మ గారు కొట్టలేదు.

మర్నాడు పదకొండుకు మళ్లీ దలా వెళ్లాం. సంచి విప్పి చూస్తే నీళ్లలో వెంట్రుక ముక్కల్లాంటివి కదులుతున్నాయి. వాటిలో గుర్తుపట్టగలిగేవి కళ్లొక్కటే, రెండు నల్ల చుక్కలు. సయాడో మంత్రం చదివాడు, అప్పన్న గారు కుంకుమ చల్లబోతే రంగు పడదని ఆపాను. ఆ పిల్లలు కాస్త ఈత నేర్చేదాకా అందులోనే ఉంచి వదలమని పద్ధతి చెప్పాను. తిరిగొస్తాయా అని అప్పన్న గారు అడిగారు. అబద్ధం చెప్పలేక తెలియదన్నాను.

ఎర్రమ్మ ఆ మాటకు నవ్వింది. నేను ఆవిడ నవ్వు చూడడం అదే. "తిరిగొచ్చినాదానికి పేరు మారతాది కదా బాబూ. ఎల్నప్పుడు విలస, వొచ్చినప్పుడు పులస. తుపాకులోలకి ఎదురు తిరిగి అడవుల్లోకెల్నోలు కూడా పేర్లు మార్సుకుంటారంట. మావోడు ఏ పేరుతో వొత్తాడో. ఏ పేరుతో వొచ్చినా గిన్నిలో కూడుంటాది."

వచ్చేరోజు పొద్దున తొమ్మిదికి వీడ్కోలు చెప్పడానికి పజుండౌంగ్ వెళ్లాను. విమానం మధ్యాహ్నం రెండున్నరకు. వీధి మొదట్లో నిలబడి ఎందుకో తల ఎత్తాను. కూరలమ్మి ఒక తాడు లాగింది, గంట మోగలేదు, తాడు కొసన పేలిక ఊగింది. పక్కింటి తాడు చూశాను. ఆ పక్కది. వీధి పొడుగునా రెండు వైపులా, అన్ని బాల్కనీల్లోనూ గంటల్లో గుడ్డలు కుక్కి ఉన్నాయి. గాలికి తాళ్లన్నీ ఊగుతున్నాయి, ఒక్క గంటా మోగడం లేదు. ఆడవాళ్లు బాల్కనీల్లో నిలబడి నన్ను చూస్తున్నారు. పైడమ్మ గారు వాళ్లకు ఎంత చెప్పారో, ఏమీ చెప్పకుండానే చేయించారో తెలియదు. ఎర్రమ్మ మెట్ల దగ్గర చెప్పులు చాలా జతలున్నాయి. నేను పైకి వెళ్లకుండా, కింది నుంచే దండం పెట్టి వచ్చేశాను.

కలకత్తాలో గడియారం గంట వెనక్కి తిప్పుకున్నాను. హౌరాలో రైలెక్కేసరికి మళ్లీ హారన్లు, కూలీలు, మైకులు, మన లోకం. వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఏమిటంటే, దలా పడవ తప్పకుండా ఎక్కండి, మొహింగా తినండి, టార్చిలైటు మరవకండి. ఇంకొకటి, ఆ ఊళ్లో ఎవరైనా మౌనంగా ఉంటే, అది ఏ మౌనమో తెలిసేదాకా ఏమీ అనుకోకండి.

ఖుర్దా దాటాక భోజనం తెచ్చారు. నా పక్కన భువనేశ్వర్‌లో ఎక్కిన విశాఖ ఆవిడ, టీచరట. నేను చేతిరుమాలు మడిచి పళ్లెం కింద వేయడం, తిన్నాక చెంచాను దాని మీదే మెల్లగా పెట్టడం చూస్తూ ఉంది. చివరికి అడిగింది.

"పై బెర్తులో ఎవరైనా పడుకున్నారాండీ? అంత జాగ్రత్తగా పెడుతున్నారు?"

"లేదండీ" అన్నాను. "ఒక పడవ ఇంకా రావాలి."